మనవరాలి బండి: కొనేముందు నేను వంగి చూసినవి

నేను చెన్నై పెరంబూరులో రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ ఫ్యాక్టరీలో, బోగీ షాపు అనే విభాగంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. బయట అందరూ రైలు పెట్టెనే బోగీ అంటారు. మా షాపులో బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాలు, ఇరుసులు, స్ప్రింగులు, బ్రేకులు, వాటన్నిటినీ పట్టి ఉంచే చట్రం. పైన పెట్టెకి ఎంత రంగు వేసినా, ఎంత మెత్తటి సీట్లు బిగించినా, లోపల కూర్చున్నవాడి నడుముకి హాయి దొరికేది కింద బోగీని బట్టే. అందుకే మనవరాలికి స్ట్రోలర్, అంటే చంటిపిల్లల తోపుడు బండి, కొనడానికి షాపుకి వెళ్లినప్పుడు నేను ముందు నేల మీద కూర్చుని దాని అడుగు చూశాను.

కొన్న బండికి రూ.8,400 అయింది. నాలుగు నెలలకు పైగా అయనావరం రోడ్ల మీద, వానల్లో, రైల్లో, మెట్రోలో తిప్పాం. బాగుంది, మళ్లీ కొనాల్సి వస్తే అలాంటిదే కొంటాను. కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు. ఒకే పేరుతో మోడళ్లు మారిపోతుంటాయి. ఈసారి చక్రం మారుతుంది, మరోసారి మడత తాళం మారుతుంది. నేను వాడిన బండే మీకు దొరుకుతుందని నమ్మకం లేదు. ఏ భాగం ఎందుకు చూడాలో తెలిస్తే ఏ షాపులోనైనా మీరే ఎంచుకోగలరు.

నిజానికి ఇది రెండో బండి. మొదటిది బారసాల రోజు బంధువులు ప్రేమగా తెచ్చింది. గులాబీ రంగు, ముందు బొమ్మల పళ్లెం, నొక్కితే పాట. మా ఆవిడకి మొదటి నుంచీ బండి అంటేనే ఇష్టం లేదు. "ఎత్తుకోవడానికి ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం కదండీ, చంటిదాన్ని బండిలో వేసి తోయడం ఏమిటి" అంది. మూడో నెల వచ్చేదాకా పిల్లని గడప దాటించకూడదని కూడా ఆవిడ పట్టు. అయితే టీకాలు ఆగవు కదా. ఆరో వారం టీకాకి ఆటోలో వెళ్లాం. పదో వారం టీకాకి, ఆసుపత్రి మా ఇంటికి అర కిలోమీటరే కదా అని, ఆ గులాబీ బండి బయటకి తీశాం. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. అమ్మాయికి ఆపరేషన్ చేసి కాన్పు చేశారు, బరువు ఎత్తొద్దన్నారు. నా కుడి మణికట్టు సర్వీసులో ఉండగా ఒకసారి విరిగి అతుక్కున్నది. పిల్లని ఎత్తుకుని నడిచే ఓపిక మా ముగ్గురిలో ఎవరికీ పూర్తిగా లేదు. అందుకే బండి కావాల్సి వచ్చింది.

కొన్నూరు హై రోడ్డు వైపు తిరిగే సందులో ఫుట్‌పాత్ బండలు పరిచి ఉంటాయి. రెండు బండల మధ్య సందులో ముందు చక్రం దిగింది, అక్కడే ఆగిపోయింది. నాలుగు అంగుళాల గట్టి ప్లాస్టిక్ చక్రం అది. నేను వెనక నుంచి తోస్తున్న ఊపుకి బండి వెనక చక్రాలు లేచాయి. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని ఉన్నాను కాబట్టి సరిపోయింది. వంగి చూస్తే పాప నడుము బెల్టు కింద నుంచి ముందుకి జారి ఉంది, గడ్డం ఛాతీకి ఆనుకుపోయి ఉంది. ఏడవలేదు. ఏడవకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. గబగబా బెల్టు విప్పి భుజాన వేసుకున్నాను. మిగతా దూరం ఎత్తుకునే నడిచాను. మా ఆవిడ ఒక్క మాట అనకుండా ఖాళీ బండి లాక్కొచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మకి జరిగింది చెప్పాం. ఆవిడ పాపని అటూ ఇటూ చూసి, ఏమీ కాలేదని చెప్పి, తర్వాత ఓపిగ్గా కూర్చోబెట్టి వివరించారు. చంటిబిడ్డ తల బరువు, మెడ మెత్తన. వీపు నిటారుగా ఉంటే తల ముందుకి వాలిపోతుంది. గడ్డం ఛాతీకి ఆనుకుంటే గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఆ వయసులో తల ఎత్తుకోవడం వాళ్ల చేతిలో ఉండదు. మెడ నిలబడేదాకా, ఇంకా చెప్పాలంటే ఆసరా లేకుండా కూర్చునేదాకా, వెల్లకిలా పడుకోబెట్టగలిగే బండే వాడమన్నారు. దారిలో నిద్రపోతే ఇంటికి రాగానే తీసి చదునైన పక్క మీద పడుకోబెట్టమన్నారు.

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి మా అల్లుడితో వెతికించాను. స్ట్రోలర్లకి యూరప్ వాళ్ల ప్రమాణం ఒకటి ఉంది, ఈఎన్ 1888 అని. దాని ప్రకారం సీటుకీ వీపుకీ మధ్య కోణం కనీసం 150 డిగ్రీలు ఉంటేనే ఆరు నెలల లోపు పిల్లలకి పనికొస్తుంది. 180 అంటే పూర్తిగా చదును. ఇంట్లో పిల్లల జామెట్రీ బాక్సులో కోణమానిని ఉంటుంది కదా, అది పెట్టి ఆ గులాబీ బండి కొలిచాను. ఎంత వాల్చినా 120 దాటలేదు. పెట్టె మీద మాత్రం "పుట్టిన రోజు నుంచి" అని రాసి ఉంది.

సాయంత్రం దాన్ని బాల్కనీలో తిరగేసి చూశాను. బ్రేకు ఒక్క వెనక చక్రానికే ఉంది. బెల్టు నడుముకీ కాళ్ల మధ్యకీ మాత్రమే, భుజాలకి లేదు. మడత దగ్గర రివెట్లు అప్పుడే లూజయ్యాయి. ఎవరికైనా ఇచ్చేద్దాం నాన్నా అంది అమ్మాయి. నేను ఒప్పుకోలేదు. మన పిల్లకి పనికిరానిది ఇంకొకరి పిల్లకి ఎలా ఇస్తాం? పాట పాడే పళ్లెం ఒక్కటి తీసి ఉంచి, మిగతాది విప్పి పాత ఇనుము వాడికి వేశాను.

రెండో బండి కోసం పురసవాక్కం వెళ్లాం. పెద్ద షాపులు రెండు చూశాక హై రోడ్డు పక్క సందులో పిల్లల సామాన్ల షాపు ఒకటి కనిపించింది. చిన్నదే. కానీ షాపు ముందు పది అడుగుల గతుకుల రోడ్డు ఉంది. నాకు కావాల్సింది అదే. ఇంట్లో నుంచి ఐదు కిలోల బియ్యం సంచి ఒకటి తువ్వాలులో చుట్టి తీసుకెళ్లాను. అప్పటికి పాప బరువు ఇంచుమించు అంతే. షాపాయన తమిళాయన, యాభై ఏళ్లుంటాయి. "దీన్ని సీట్లో పెట్టి బయట తోసి చూస్తాను, ఒప్పుకుంటారా" అని అడిగాను. రెండు పెద్ద షాపుల్లోనూ కుదరదన్నారు. ఈయన లేచి వచ్చి షటరు దగ్గర చెప్పులు పక్కకి జరిపి, "తోయండి సార్, నేనూ చూస్తాను" అన్నాడు. ఐదు బండ్లు తోశాం. గంటన్నర పట్టింది. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఐదింటిలో తేడా మొదట చక్రాల్లోనే తెలిసింది. ఇది లెక్క వేసి చెప్పొచ్చు. అంగుళం ఎత్తున్న అంచుకి చక్రం తగిలిందనుకోండి. చక్రం అడ్డకొలత ఐదు అంగుళాలైతే, దాని మీద ఎంత బరువు ఉందో అంతకంటే మూడో వంతు ఎక్కువ బలంతో ముందుకి తోస్తే తప్ప అది ఆ అంచు ఎక్కదు. అదే పది అంగుళాల చక్రమైతే బరువులో ముప్పావు వంతు బలం చాలు. చిన్న చక్రం తల అంచుకి గుద్దుకుంటుంది, పెద్ద చక్రం దాని మీదుగా దొర్లుతుంది. మన ఫుట్‌పాత్‌ల మీద అంగుళం ఎత్తుపల్లాలు లేని చోటు ఎక్కడుంది? విమానంలో సీటు పైన పట్టేటట్టు మడిచే చిన్న బండ్లు ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నాయి. తేలిగ్గా ఉంటాయి, మాల్ నేల మీద వెన్నలా జారతాయి. మా సందులో అవి ప్రతి బండ దగ్గరా ఆగాయి.

పది అంగుళాల గాలి టైర్ల బండి కూడా ఒకటి చూశాం. దాన్ని తోస్తే నాకే హాయిగా అనిపించింది. కానీ బరువు పన్నెండు కిలోలు. మాది లిఫ్టు లేని మొదటి అంతస్తు. పైగా పంక్చరైతే ఆ సైజు ట్యూబు వెతుక్కోవాలి. చివరికి ముందు ఏడు, వెనక తొమ్మిది అంగుళాల చక్రాలున్న బండి తీసుకున్నాం. టైరు గాలిది కాదు, ఫోము లాంటి గట్టి పదార్థం. బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి దిగి మళ్లీ పైకి రావాలి. అస్సలు దిగకపోతే అది ప్లాస్టిక్కే, ఎన్ని పేర్లు చెప్పినా. బండి బరువు ఎనిమిది కిలోల పైచిలుకు.

స్ప్రింగుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది నా జీవితమంతా చేసిన పని. నాలుగు చక్రాలకీ సస్పెన్షన్ ఉందని చాలా బండ్ల మీద రాస్తారు. స్ప్రింగు ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. పదిహేను కిలోల పిల్లవాడిని మోయడానికి పెట్టిన స్ప్రింగు ఐదు కిలోల చంటిదాని కింద కదలదు. కదలని స్ప్రింగు ఇనప కడ్డీతో సమానం. బియ్యం సంచి సీట్లో పెట్టి, వేళ్లు చక్రం పైనున్న గొట్టం మీద ఆనించి, గతుకు మీద తోశాను. ఒకదానికి స్ప్రింగు చప్పుడు కూడా చేయలేదు. ఇంకోదానికి మరీ మెత్తన, ఒక గతుకు దాటాక మూడు సార్లు ఊగింది. ఐసీఎఫ్ బోగీలో స్ప్రింగుతో పాటు డాష్‌పాట్ ఉంటుంది. అందులో పోసిన నూనె ఆ ఊపుని మింగేస్తుంది. స్ట్రోలర్‌లో అంత ఏర్పాటు ఉండదు. కాబట్టి కొంచెం కదిలి వెంటనే ఆగే స్ప్రింగే మంచిది.

ముందు చక్రాలు చుట్టూ తిరిగే రకమైతే మలుపులు సులువు. కానీ ఆ తిరిగే పిన్ను దగ్గర లూజు ఉంటే వేగంగా నడిచినప్పుడు చక్రం వణుకుతుంది. చక్రాన్ని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపితే అక్కడికక్కడే తెలిసిపోతుంది. నేరుగా నిలిపి ఉంచే లాక్ కూడా ఉండాలి. ఇసుక నేల మీద, కంకర మీద ఆ లాక్ లేకపోతే ముందు చక్రాలు అడ్డంగా తిరిగి దున్నుతాయి.

బ్రేకు చూడకుండా ఏ బండీ కొనకండి. ఒక్క పెడల్ నొక్కితే రెండు వెనక చక్రాలూ పట్టేయాలి. స్ట్రోలర్ బ్రేకు రైలు బ్రేకులా రాపిడితో ఆపేది కాదు. చక్రం లోపలి గాడిలోకి ఒక పిన్ను దిగుతుంది, అంతే. నొక్కినప్పుడు పిన్ను గాడికి ఎదురుగా లేకపోతే దిగదు. పైకి బ్రేకు పడినట్టే కనిపిస్తుంది. చక్రం ఇంకో రెండు అంగుళాలు దొర్లాకే పడుతుంది, ఒక్కోసారి అప్పుడూ పడదు. నొక్కిన ప్రతిసారీ బండిని ముందుకీ వెనక్కీ ఒకసారి కదిపి చూసుకోవాలి. ఈ అలవాటు మా ఇంట్లో అందరికీ చేయించాను.

ప్లాట్‌ఫారం మీదైతే బ్రేకు వేసినా చెయ్యి తీయొద్దు. 2009 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో, యాష్‌బర్టన్ స్టేషన్‌లో, తల్లి ఒక్క క్షణం చెయ్యి వదిలితే బండి దొర్లి, వస్తున్న రైలు ముందు పట్టాల మీద పడింది. ఆ పసివాడు బతికి బయటపడ్డాడు. కెమెరాలో పడ్డ ఆ దృశ్యం ప్రపంచమంతా చూసింది. ప్లాట్‌ఫారం చదునుగా ఉందని మన కంటికి అనిపిస్తుంది, కానీ వాన నీళ్లు పోవడానికి వాలు ఇస్తారు. నేను స్టేషన్‌లో బండిని పట్టాలకి ఎదురుగా ఎప్పుడూ పెట్టను, పక్కకి తిప్పి, గోడ దగ్గర నిలబెడతాను.

మడత గురించి చెప్పేముందు ఒక పెద్దాయన్ని తలుచుకోవాలి. గొడుగులా మడిచే తేలికపాటి బండిని కనిపెట్టింది ఓవెన్ మక్లారెన్ అనే బ్రిటిష్ ఇంజనీరు. విమానాల పని తెలిసినవాడు. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం కింద చక్రాలు మడుచుకునే ఏర్పాటు మీద పనిచేశాడు. ఆయన కూతురు బిడ్డతో విదేశం నుంచి వచ్చినప్పుడు బరువైన బండితో పడుతున్న అవస్థ చూసి, 1965లో అల్యూమినియం గొట్టాలతో ఇంచుమించు మూడు కిలోల బండి తయారుచేశాడు. విమానం చక్రాలు మడిచిన చేతులు మనవరాలి కోసం బండి మడిచాయి. ఈ సంగతి చదివిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆయనా ఒక తాతే కదా అనిపించింది.

అయితే మడిచే చోట ప్రమాదమూ ఉంటుంది. అదే మక్లారెన్ పేరుతో నడిచిన కంపెనీ 2009లో అమెరికాలో ఇంచుమించు పది లక్షల బండ్లకి మడత కీలు మీద తొడుగులు పంపాల్సి వచ్చింది. బండి విప్పేటప్పుడు పిల్లల వేళ్లు ఆ కీలులో పడి, కొసలు తెగిన సంఘటనలు పన్నెండు నమోదయ్యాయి. కాబట్టి కీలు మీద తొడుగు ఉందో లేదో చూడండి. ఏ బండైనా సరే, పిల్లని దూరంగా ఇంకొకరి చేతిలో పెట్టాకే మడవండి, విప్పండి. విప్పాక తాళం పడిన 'టక్' శబ్దం వినాలి, హ్యాండిల్ పైకి లాగి చూడాలి. రెండో తాళం కూడా ఉంటే మరీ మంచిది. మేం కొన్నదానికి ఉంది. ఒంటి చేత్తో మడవొచ్చని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. మా ఆవిడకి రెండు చేతులూ కావాల్సి వచ్చింది, మూడు రోజుల్లో అలవాటైంది. ఈ ఒంటి చేతి మడత కోసం నేనైతే వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టను.

బెల్టు ఐదు చోట్ల పట్టేది కావాలి. రెండు భుజాలు, నడుముకి రెండు వైపులా, కాళ్ల మధ్య ఒకటి. పడుకోబెట్టినప్పుడు కూడా పెట్టాలి. భుజం పట్టీ కింద నా రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచుతాను.

హ్యాండిల్ ఎత్తు మా ఇంట్లో పెద్ద సమస్య. నేను ఐదడుగుల పది అంగుళాలు, మా ఆవిడ ఐదడుగులు. ఎత్తు మార్చుకునే హ్యాండిల్ ఉన్నదే తీసుకున్నాం. మోచెయ్యి కొంచెం వంగి, చేతులు బొడ్డు ఎత్తున ఉంటే నడుము లాగదు. హ్యాండిల్ అటు తిప్పితే పాప మన వైపు, ఇటు తిప్పితే రోడ్డు వైపు చూస్తుంది. మొదటి మూడు నెలలూ మా వైపే. పాప ముఖం కనబడుతూ ఉండాలని మా ఆవిడ షరతు. ఇప్పుడు రోడ్డు వైపు తిప్పితేనే దానికి ఇష్టం, ఆవు కనిపిస్తే కాళ్లు ఆడిస్తుంది.

హ్యాండిల్‌కి సంచి తగిలించొద్దు. షాపాయన ఉండగానే ఇది చేసి చూశాను. బియ్యం సంచి సీట్లో ఉంచి, వీపు పూర్తిగా వాల్చి, హ్యాండిల్‌కి నాలుగు కిలోల సంచి తగిలిస్తే ముందు చక్రాల మీద బరువే లేకుండా పోయింది, వేలితో లేపితే లేచాయి. బియ్యం సంచి తీసేయగానే బండి వెనక్కి పడిపోయింది. అంటే మార్కెట్ నుంచి వచ్చి పాపని ఎత్తుకున్న క్షణంలో బండి వెనక్కి పడుతుంది. ఒకవేళ పాపే సీట్లో కొంచెం వెనక్కి జరిగితే? అందుకే కూరగాయలు కింద బుట్టలోనే వేస్తాం. మా బండి బుట్ట మూడు కిలోల వరకు అని రాసి ఉంది. అయనావరం మార్కెట్‌లో టమాటాలు, ఆకుకూరలు, రెండు మునక్కాయలు. అంతకు మించితే నేను మళ్లీ వెళ్తాను.

నాలుగు నెలల్లో ఎక్కడెక్కడ తిరిగామంటే, ఉదయం విల్లివాక్కం దగ్గర రైల్ మ్యూజియం చెట్ల కింద. నేను పనిచేసిన ఫ్యాక్టరీ పక్కనే. పాత ఇంజన్లు చూపిస్తూ తోస్తుంటే దారి పొడవునా నాకు చెప్పడానికి బోలెడు కథలు ఉంటాయి, వినడానికి పాప ఉంటుంది. ఆదివారాలు అణ్ణా నగర్ టవర్ పార్కు. పండక్కి టీ నగర్ పాండీ బజార్‌కి వెళ్లాం. 2019లో అక్కడ నడిచేవాళ్ల కోసం ఫుట్‌పాత్ వెడల్పు చేశారు కదా, బండి ఎక్కడా ఆగకుండా నడిచింది. నగరమంతా అలా ఉంటే చిన్న చక్రాల బండే కొనేవాళ్లం.

మా అల్లుడి ఇల్లు అశోక్ నగర్. అణ్ణా నగర్ టవర్ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే నేరుగా అశోక్ నగర్‌లో దిగొచ్చు. లిఫ్టు ఉంది, టికెట్ గేట్లలో వెడల్పు గేటు ఉంది, అందులో నుంచి బండి హాయిగా పోతుంది. పెట్టెకీ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు దగ్గర మాత్రం హ్యాండిల్ నొక్కి ముందు చక్రాలు లేపి దాటించాలి. ఎక్కాక బ్రేకు వేసి, బండిని రైలు నడిచే దిశకి అడ్డంగా నిలబెట్టి, చేత్తో పట్టుకోవాలి. ఎస్కలేటర్ మీద బండి ఎక్కించకండి. తొందరలో ఒకళ్లు ఎక్కించడం చూసి ఆపాను.

అన్నప్రాశనకి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నెల్లూరు వెళ్లాం. రైలు మెట్ల దగ్గర స్ట్రోలర్ విప్పి ఉంచడం కుదరని పని. ప్లాట్‌ఫారం మీదే పాపని అమ్మాయి ఎత్తుకోవాలి, నేను బండి మడవాలి, అల్లుడు పైకి అందుకోవాలి. మడిచాక సీట్ల వెనక గోడ పక్కన నిలబెట్టాం. నెల్లూరులో మా అన్నయ్య వాళ్ల వీధి ఇసుక. ముందు చక్రాలు లాక్ చేసి, బండిని వెనక్కి తిప్పి లాక్కుంటూ వెళ్లాను. తోస్తే దిగబడుతుంది, లాగితే తేలిగ్గా వస్తుంది. మా వదిన చూసి "మా రోజుల్లో చీర ఉయ్యాలే కదా" అంది, అంటూనే సాయంత్రం తనే వీధి చివరిదాకా తోసుకెళ్లింది.

నచ్చనివీ ఉన్నాయి. పైకప్పు పొట్టి. సాయంత్రం నాలుగున్నరకి ఏటవాలు ఎండ నేరుగా పాప కళ్లలో పడుతుంది. వీపు పూర్తిగా వాలిస్తే కింద బుట్టలోకి చెయ్యి దూరదు, ముందు వైపు నుంచి తీయాలి. సీటు గుడ్డ చెమట పీల్చదు. ఉతకడానికి విప్పితే మళ్లీ తొడగడానికి అరగంట. నవంబరు వానల్లో ఒకసారి తడిసింది, రెండు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టినా ముక్కిన వాసన పోలేదు. చివరికి ఎండ వచ్చాకే పోయింది. వానాకాలంలో బండి మడిచి మూల పెట్టొద్దు, విప్పి గాలి తగిలేలా ఉంచండి. దోమతెర బండితో రాలేదు, రూ.250 పెట్టి విడిగా కొన్నాం. మద్రాసులో తెర లేకుండా సాయంత్రం ఐదు తర్వాత బయటకి తీయలేం.

ఎండ కోసం కొందరు బండి మొత్తం మీద గుడ్డ కప్పుతారు. నీడ వస్తుంది కదా అనుకుంటారు. లోపల గాలి ఆడదు, వేడి పెరుగుతుంది. సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో దీన్ని కొలిచి చూశారు. పొడి గుడ్డ కప్పితే లోపలి వేడి బయట కంటే పెరిగింది, తడి గుడ్డ కప్పి చిన్న ఫ్యాను పెడితే తగ్గింది. మన ఊరి గాలిలో ఎప్పుడూ ఉక్కే కాబట్టి తడి గుడ్డ మీద నేను ఆశ పెట్టుకోలేదు. వెనక వైపు జాలి కిటికీ తెరిచి ఉంచుతాం, తొమ్మిదికి ముందే వెళ్లి వచ్చేస్తాం. సీటు మీద మా ఆవిడ పాత వెంకటగిరి చీర ముక్క ఒక్క పొర పరుస్తుంది. మందంగా దిండు పెట్టకూడదు, పెడితే బెల్టు బిగువు తప్పుతుంది. ఎండలో నిలబెట్టిన బండిలో కూర్చోబెట్టే ముందు బకిల్ చేత్తో తాకి చూడండి, చురుక్కుమంటుంది.

ముందు చక్రం మూడో నెలలో కీచుమంది. మా ఆవిడ కొబ్బరినూనె తెచ్చింది. వద్దన్నాను. నూనె ఉన్న చోటికి ఇసుక చేరుతుంది, ఇసుక చేరితే ఇరుసు చుట్టూ ఉండే బుష్ అరుగుతుంది. చక్రం విప్పి, ఇరుసు చుట్టూ చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు చిమటాతో లాగి, పొడిగుడ్డతో తుడిచి, సిలికాన్ స్ప్రే కొంచెం కొట్టాను. ఆ తర్వాత చప్పుడు లేదు. ఉప్పుగాలికి వెనక ఇరుసు మీద స్క్రూలు రెండు తుప్పు పట్టాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి కొని మార్చాను, పద్దెనిమిది రూపాయలయ్యాయి. ప్రతి ఆదివారం ఉదయం కాఫీ తాగాక బండి తిరగేసి నట్లు, రివెట్లు, బ్రేకు పిన్ను చూస్తాను. పది నిమిషాల పని.

షాపాయన దగ్గరకి మొన్న మళ్లీ వెళ్లాను, ముందు చక్రానికి పిన్నులు అదనంగా ఉన్నాయేమోనని. బిల్లు అడగకుండానే గుర్తుపట్టాడు, "బియ్యం సార్" అని పిలిచాడు. షాపు ముందు ఇప్పుడు ఐదు కిలోల ఇసుక మూట ఒకటి గుడ్డలో కుట్టి పెట్టాడు. కొనడానికి వచ్చేవాళ్లని సీట్లో అది పెట్టి రోడ్డు మీద తోసి చూడమంటున్నాడు. నాకు చాలా సంతోషమైంది. పిన్నులు రెండు ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు.

అమ్మాయి సెలవు అయిపోయింది. వచ్చే సోమవారం అశోక్ నగర్ వెళ్లిపోతున్నారు, బండి కూడా వాళ్లతోనే. పిన్నులు రెండూ, స్క్రూలు నాలుగూ, చిన్న స్క్రూడ్రైవరూ ఒక జిప్ కవర్లో వేసి బుట్ట అడుగున అమర్చాను. ఆదివారం ఏమేం చూడాలో అల్లుడికి నిన్న బాల్కనీలో బండి తిరగేసి చూపించాను. చూశాక తనే ఒకసారి బ్రేకు నొక్కి, ముందుకీ వెనక్కీ కదిపి చూశాడు.